ఒక పాఠకుడు, రెండు సాక్ష్యాలు: సి.ఎస్. లూయిస్ పఠనంలో అద్భుత నవల, హేతువాద గ్రంథం

1. ప్రస్తావన

పాఠకుని వ్యక్తిగత అభిప్రాయానికి పరిశోధనలో ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్నను ప్రభావ పరిశీలనలు తరచు దాటవేస్తాయి. ఫలానా పుస్తకం తన జీవితాన్ని మార్చిందని ఒక రచయిత ఆత్మకథలో చెప్పుకుంటే, ఆ మాటనే నిరూపణగా స్వీకరించి ముందుకు సాగడం పరిపాటి. అది చదివిన నాటి మాటా, దశాబ్దాల తరువాతి జ్ఞాపకమా అన్న విచారణ తక్కువ. ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ (1898-1963) విషయంలో ఈ విచారణకు తగిన ఆధారాలు రెండు వైపులా లభిస్తున్నాయి. నార్నియా కథల రచయితగా, క్రైస్తవ విశ్వాస సమర్థకుడిగా ప్రసిద్ధి పొందిన లూయిస్ పదిహేడేళ్ల వయసులో నాస్తికుడు. 1916లో అతడు ఒక అద్భుత నవలను, మతాన్ని మానవశాస్త్ర దృష్టితో వివరించే గ్రంథాల వాదాన్ని దాదాపు ఒకే ఉత్సాహంతో స్వీకరించాడు. ఆనాడు మిత్రుడు ఆర్థర్ గ్రీవ్స్‌కు రాసిన ఉత్తరాలు ఒక సాక్ష్యం. 1955లో వెలువడిన ఆత్మకథ ‘సర్‌ప్రైజ్డ్ బై జాయ్’ మరొకటి. ఈ రెండూ ఒకే మాట చెప్పవు.

2. మార్చి ఉత్తరం, అక్టోబరు జ్ఞాపకం

జార్జ్ మక్డోనల్డ్ రాసిన ‘ఫాంటాస్టీస్’ 1858 నాటి నవల. సర్రే ప్రాంతంలోని లెదర్‌హెడ్ రైల్వేస్టేషన్ పుస్తకాల దుకాణంలో దాని పాత ప్రతిని కొన్నానని లూయిస్ ఆత్మకథలో వర్ణిస్తాడు. ఆ వర్ణనలో అది అక్టోబరు నెల, చలి సాయంత్రం. ఆ రాత్రి తన ఊహాశక్తి ఒక విధమైన బాప్టిజం పొందిందని, ఆ పుస్తకంలో తనను ఆకర్షించిన గుణం పవిత్రత అని తరువాతే గ్రహించానని అతని వివరణ. గ్రీవ్స్‌కు రాసిన ఉత్తరం తేదీ మాత్రం 1916 మార్చి 7. కిందటి శనివారం పుస్తకం కొన్నట్లు అందులో ఉంది. నెల మారడం చిన్న విషయమే. దానికి మానసిక కారణాలు వెతకవలసిన పని లేదు. గమనించవలసింది ఉత్తరంలో ఉన్నదేమిటి, లేనిదేమిటి అన్నది.

ఉత్తరంలో పవిత్రత అన్న ఊసే లేదు. ఒక గొప్ప సాహిత్యానుభవం కలిగిందన్న సంబరం ఉంది. సెలయేటి వెంట అడవిలోకి నడిచే కథానాయకుడు, భయపెట్టే చెట్టు, కోస్మో అనే యువకుని ఉపకథ ఉన్నాయి. విమర్శ కూడా ఉంది. మొదటి ప్రకరణం మామూలు జానపద కథల ధోరణిలో ఉందని, నడుమ వచ్చే పద్యాలలో ఒకటి రెండు తప్ప మిగిలినవి బొత్తిగా నాసిరకమని మిత్రుణ్ణి ముందే హెచ్చరించాడు. మంచిచెడ్డలు బేరీజు వేయగల పాఠకుడు ఉత్తరంలో కనిపిస్తాడు. ఆత్మకథలోని పాఠకుడు తెలియకుండానే ఒక సరిహద్దు దాటిన యాత్రికుడు. 1929-31 మధ్య ఆస్తికుడై, క్రైస్తవుడైన వ్యక్తి వెనక్కి తిరిగి చూసి చెప్పిన అర్థం అది. ఆ అర్థం అబద్ధమనడం సాహసమే అవుతుంది. 1916 నాటి అనుభవానికి దానినే ప్రమాణంగా చూపడం మాత్రం కుదరదు.

3. అసంభావ్యత అనే విఘ్నం

హేతువాది అయిన పాఠకుణ్ణి అసంభవమైన కథ ఎలా పట్టుకుంది? అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో ఏడు రసవిఘ్నాలను చెబుతూ సంభావనావిరహాన్ని మొదట నిలిపాడు. జరగగలదని తోచని విషయంలో మనసు నిలవదు. లోకోత్తరమైన చేష్టలను చూపదలచినప్పుడు రాముని వంటి ప్రఖ్యాత నాయకుణ్ణి గ్రహించడం ఆయన చెప్పిన పరిహారం. చిరకాల ప్రసిద్ధి వల్ల ఆ పేరే నమ్మకాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. ‘ఫాంటాస్టీస్’ నాయకుడు అనోడోస్‌కు అటువంటి ప్రసిద్ధి లేదు. మక్డోనల్డ్ వేరే దారి తొక్కాడు. రెండవ ప్రకరణంలో అనోడోస్ నిద్ర లేచేసరికి ముఖం కడుక్కునే పచ్చని పాలరాతి తొట్టి పొంగి గదిలో సెలయేరుగా పారుతుంది. తివాచీ మీది గడ్డి, పూల డిజైను నిజమైన పచ్చికగా మారుతుంది. బల్ల మీద చెక్కిన తీగ చిగురిస్తుంది. అద్భుతం ఆకాశం నుంచి ఊడిపడదు, గదిలోని సామాను నుంచే మొలుస్తుంది. విఘ్నం తొలగడానికి ఇక్కడ ఏ విశ్వాసమూ అవసరం లేదు, వస్తువుల పట్ల శ్రద్ధ చాలు. ఆ శ్రద్ధ నాస్తికునికీ ఉంటుంది. హేతువాది అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 దాకా ‘చందమామ’ను నడిపిన తీరు ఎరిగిన తెలుగు పాఠకునికి ఇది వింతగా తోచదు.

4. హేతువాదం ఇచ్చిన ఆనందం

1914 నుంచి లూయిస్‌కు చదువు చెప్పిన డబ్ల్యు.టి. కర్క్‌పాట్రిక్ నాస్తికుడు, జేమ్స్ ఫ్రేజర్ ‘ది గోల్డెన్ బౌ’, షోపెన్‌హావర్ రచనలు ఆయనకు ప్రీతిపాత్రాలు. 1916 అక్టోబరులో, అంటే ‘ఫాంటాస్టీస్’ చదివిన ఏడు నెలలకు, లూయిస్ గ్రీవ్స్‌కు తన మతాభిప్రాయం రాశాడు. ఏ మతాన్నీ నమ్మనని, ఉరుములకూ వ్యాధులకూ భయపడిన ఆదిమానవుడు కల్పించుకున్నవే ఈ దేవతలని, క్రీస్తును, లోకీని ఒకే గాటన కట్టాడు. ఇది ఫ్రేజర్ బాణీ. బాప్టిజం పొందిన ఊహాశక్తి ఈ వాదాన్ని ఏమాత్రం సడలించలేదు.

అంతకన్నా విలువైన ఉదాహరణ బాల్డర్ కథ. చిన్ననాట లాంగ్‌ఫెలో కవితలో బాల్డర్ మరణవార్త చదివి లూయిస్ చలించిపోయాడు. ఫ్రేజర్ తన బృహద్గ్రంథంలో ఒక భాగానికి ఆ దేవుని పేరే పెట్టి, ఆ కథను అగ్నికర్మకాండల వెలుగులో వివరించాడు. అంటే లూయిస్ ప్రేమించిన పురాణమూ, దానిని విప్పి చూపిన శాస్త్రమూ ఒకే బాల్డర్ దగ్గర కలిశాయి. ఆత్మకథ ఈ కలయికను ఒప్పుకోదు. మనసులోని రెండు అర్ధగోళాలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉండేవని, ఒకవైపు కవిత్వ సముద్రం, మరొకవైపు లోతులేని హేతువాదం ఉండేవని అంటుంది. ‘లోతులేని’ అన్న విశేషణం 1955 నాటిది. అదే గ్రంథంలో కర్క్‌పాట్రిక్‌కు కేటాయించిన ప్రకరణం దానిని ఖండిస్తున్నది. ఆయన మాటమాటకూ ఆధారం అడిగి వాదాన్ని తుత్తునియలు చేసిన పద్ధతిని లూయిస్ ఇష్టమైన తిండితో పోల్చి, ఎంతో ఆప్యాయంగా స్మరించాడు. గ్రంథం మొత్తంలో ఇంత హుషారైన ప్రకరణాలు కొన్నే ఉన్నాయి. ఆత్మకథ సిద్ధాంతం అద్భుత నవలకు అనుభూతిని, లౌకిక గ్రంథానికి కేవలం అభిప్రాయాన్ని పంచిపెట్టింది. ఆత్మకథ శైలి ఆ పంపకానికి లొంగలేదు.

ఉత్తరాలను సైతం నిర్వికార సాక్ష్యాలుగా భావించరాదు. 1914 డిసెంబరులో తండ్రిని నొప్పించలేక, నమ్మకం లేకుండానే చర్చిలో విశ్వాస స్థిరీకరణ సంస్కారం పొందిన యువకుడు అతడు. ఇంట్లో చెప్పలేనిది మిత్రునికి రాశాడు. ఆ మిత్రుడు విశ్వాసి కావడం వల్ల అక్టోబరు ఉత్తరంలో కొంత కవ్వింపు ఉండి ఉండవచ్చు. మార్చి ఉత్తరంలో ఆ కవ్వింపు లేదు. అక్కడ ఇద్దరి నడుమ ఉన్నది ఒక పాత ప్రతి, నువ్వూ కొని చదువు అన్న తొందర.