ఎక్కిన గేరులోనే దిగాలి

శృంగవరపుకోట దాటాక అనంతగిరి వైపు రోడ్డు పైకి లేవడం మొదలయ్యే చోట మా మామయ్య రెండు పనులు చేసేవాడు. టేప్ రికార్డర్ కట్టేసేవాడు. తన పక్కనున్న రెక్సిన్ తెర పైకి చుట్టేసేవాడు. డిసెంబరు చలికి మేం వెనక సీట్లో ముడుచుకుపోయి "తెర దించు మామయ్యా" అని మొత్తుకుంటే, "ఇంజిన్ ఏమంటోందో వినబడొద్దురా?" అనేవాడు. ఆ జీపులో స్పీడు మీటరు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ఇంజిన్ చుట్లు చూపించే మీటరైతే అసలు పుట్టనేలేదు. గేరు ఎప్పుడు మార్చాలో ఆయనకు చెప్పింది చెవి, అరికాలు, గేర్ రాడ్డు మీది అరచేయి.

ఇప్పటి డ్రైవింగ్ స్కూళ్లు ఇరవై దాటితే సెకండు, ముప్పై దాటితే థర్డ్ అని నేర్పుతాయి. కారుకు, చదునైన రోడ్డుకు అది చాలు. డీజిల్ జీపుతో ఘాట్ ఎక్కేవాడికి ఆ లెక్క పనికిరాదు. అక్కడ వేగాన్ని బట్టి గేరు ఉండదు, బరువును బట్టి ఉంటుంది. లోపల ఎంతమంది ఉన్నారు, పైన ఎన్ని బస్తాలున్నాయి, ముందున్న అప్పు ఎంత నిటారుగా ఉంది అన్నదే లెక్క. (డ్రైవర్ల భాషలో ఎత్తు అంటే అప్పు, పల్లం అంటే డౌను. "అప్పు ఎక్కడం గొప్ప కాదురా, దిగడమే కష్టం" అని మామయ్య నవ్వేవాడు. ఆయనకు బయట అప్పులు కూడా ఉండేవి.)

ఆ బండి ఎమ్మెమ్ 540. అమెరికా వాళ్ల విల్లీస్ జీపును మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. పెట్రోలు తాగి తాగి యజమానుల్ని ముంచిన ఆ జీపు, ఎనభైల నాటికి ఫ్రాన్సు ప్యూజో కంపెనీ డీజిల్ ఇంజిన్ పెట్టుకుని పల్లెటూళ్లకు అందుబాటులోకి వచ్చింది. 1985లో వచ్చిన ఎమ్మెమ్ 540లో ఉన్నది ఆ ఇంజినే: 2112 సీసీ, అరవై పైచిలుకు గుర్రాలు, నాలుగు గేర్లు. ఇవాళ చిన్న పెట్రోలు కారుకు కూడా అంతకంటే ఎక్కువ గుర్రాలుంటాయి. అయినా పన్నెండు మందిని కూర్చోబెట్టుకుని ఆ జీపు కొండలెక్కింది. దాని గుట్టంతా ఇంజిన్ ఎక్కడ బాగా గుంజుతుందో తెలుసుకుని, దాన్ని అక్కడే ఉంచడంలో ఉంది.

ఆ డీజిల్ ఇంజిన్ గట్టిగా గుంజేది నిమిషానికి దాదాపు 2000 చుట్ల దగ్గర. అంతకు బాగా దిగువకు జారితే దడదడ కొట్టుకుంటుంది, డాష్‌బోర్డు వణుకుతుంది, గేర్ రాడ్డు చేతిలో తలాడిస్తుంది. అప్పుడు కాలు ఎంత నొక్కినా పొగ పెరుగుతుందే తప్ప బండి కదలదు. అంతకు బాగా పైకి పోతే గోల పెరుగుతుంది, పని పెరగదు. పెట్రోలు బండిలా గిర్రున తిప్పి లాగుదామంటే కుదరదు. అందుకే ఆ రెండు చప్పుళ్ల మధ్య ఉండే నిండైన, నిలకడైన మోతను చెవి పట్టుకోవాలి. మోత బరువెక్కడం మొదలవగానే గేరు దించాలి. దడ మొదలయ్యాక దించితే అప్పటికే ఆలస్యం. ఈ కళలో నూటికి తొంభై పాళ్లు ఇదే. మిగతాదంతా చేతి పని.

ఆ చేతి పనిలో ఒక కిటుకుంది. డీజిల్ ఇంజిన్ వెనక ఉండే ఫ్లైవీల్ బరువైనది. కాలు తీసినా దాని వేగం మెల్లగా తగ్గుతుంది. అందుకే చదునులో పై గేరు వేసేటప్పుడు న్యూట్రల్లో ఒక్క క్షణం ఆగి, తర్వాత రాడ్డు తోస్తే వెన్నలో కత్తిలా దిగుతుంది. తొందరపడితే గరగరమంటుంది. అప్పులో మాత్రం ఆ క్షణమే శత్రువు. ఇంజిన్ మెల్లగా తగ్గేలోపు కొండ బండిని పట్టి ఆపేస్తుంది. పై గేరు పడేసరికి వేగం ఉండదు, మళ్లీ కింది గేరే. కొత్తవాళ్లు ఘాట్లో థర్డ్, సెకండు, థర్డ్, సెకండు అంటూ క్లచ్ తొక్కుతూనే ఉండటానికి కారణం అదే. అనుభవం ఉన్నవాడు అప్పులో పై గేరుకు ఆశపడడు. సెకండులో పడ్డాక, రోడ్డు నిజంగా చదునయ్యేదాకా సెకండే.

కింది గేరుకు రావడంలోనే అసలు పనితనం ఉంది. మరీ పాత జీపుల్లో మొదటి గేరుకు సింక్రో ఉండేది కాదు. అంటే లోపలి పళ్లచక్రాల వేగాన్ని కలిపి ఇచ్చే కంచు రింగు ఉండదు, ఆ పని డ్రైవరే చేసుకోవాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదలాలి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి ఇంజిన్‌ను కాస్త లేపాలి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. దీన్ని డబుల్ క్లచ్ అంటారు. చెబితే నాలుగు పనులు, చేతిలో పడ్డాక ఒక్క దరువు. సింక్రో ఉన్న ఇప్పటి బండికి డబుల్ క్లచ్ అక్కర్లేదు. ఆ తట్టు మాత్రం ఇప్పటికీ కావాలి. వాన పడ్డ మలుపులో కింది గేరు వేసి క్లచ్‌ను గభాలున వదిలితే, ఇంజిన్ వేగం తక్కువ, చక్రాల వేగం ఎక్కువ. వెనక చక్రాలు ఒక్కసారి బిగుసుకుంటాయి. పొట్టి జీపు తోక తిప్పేయడానికి అంత చాలు.

నేను నేర్చుకున్న రోజుల్లోని సంగతి ఒకటి చెప్పాలి. ఒక హెయిర్‌పిన్ మలుపులోకి థర్డ్‌లో దూరాను. సగం తిరిగాక ఇంజిన్ దడదడమంది. ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఇంకో చేత్తో సెకండు వెతుక్కునేసరికి బండి నిలిచిపోయింది. హ్యాండ్ బ్రేక్ సంగతి మరిచిపోయి, సగం క్లచ్‌తో, గట్టి యాక్సిలరేటర్‌తో కొండ మీద వేలాడదీశాను. కాలిన క్లచ్ ప్లేటు వాసన ఒకసారి ముక్కుకు తగిలితే జన్మలో మరవలేం. వెనకున్న వాళ్లంతా దిగారు. ఒకాయన ఎవరూ చెప్పకుండానే టైరు వెనక రాయి పెట్టాడు. మామయ్య కోప్పడలేదు. "గేరు మలుపులో వేసేది కాదురా, మలుపు కనిపించగానే వేసేది" అన్నాడు, అంతే. ప్లేటు ఖర్చు మాత్రం మా నాన్న దగ్గర వసూలు చేశాడు.

ఆగిన చోట నుంచి మళ్లీ కదలాలంటే హ్యాండ్ బ్రేక్ లాగి, మొదటి గేరు వేసి, క్లచ్‌ను పట్టే చోటు దాకా వదలాలి. బండి ముందు భాగం కొద్దిగా లేచి, మోత ఒక మెట్టు బరువెక్కుతుంది. అప్పుడే హ్యాండ్ బ్రేక్ దించాలి. జీపుల మొదటి గేరు చాలా పొట్టిది. చదునులో ఖాళీ బండిని పాత డ్రైవర్లు సెకండులోనే కదిలించేవాళ్లు, మొదటి గేరును కొండకు, బురదకు దాచుకునేవాళ్లు. ఇప్పటి కొత్త బండ్లకు ఈ అలవాటు పెట్టకండి, క్లచ్ అరిగిపోతుంది.

ఇక దిగడం. "ఎక్కిన గేరులోనే దిగాలి" అన్నది లారీ క్లీనర్ల దగ్గర నుంచి ఆర్టీసీ డ్రైవర్ల దాకా అందరూ చెప్పే సూత్రం. బ్రేకు ఒక్కదాని మీదే ఆధారపడి కొండ దిగితే డ్రమ్ములు కాగుతాయి, బ్రేక్ ఆయిల్ మరుగుతుంది, పెడల్ మెత్తగా నేలకు తగులుతుంది. కింది గేరులో ఉంటే బండిని ఇంజిన్ పట్టి ఉంచుతుంది, బ్రేకుకు విశ్రాంతి దొరుకుతుంది. డీజిల్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి మరింత గట్టిగా పట్టి ఉంచుతుందని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. నొక్కిన గాలి స్ప్రింగులా తిరిగి పిస్టన్‌ను తోస్తుంది. పైగా పెట్రోలు ఇంజిన్‌లోలా కాలు తీయగానే గాలి దారి మూసే మూత పాత డీజిల్‌లో ఉండదు. ఆ లోటు తీర్చడానికే పెద్ద లారీలకు ఎగ్జాస్ట్ బ్రేక్ బిగిస్తారు. జీపుకు ఆ భాగ్యం లేదు కాబట్టి దానికి దిక్కు కింది గేరే.

ఆ కింది గేరుకూ ఒక హద్దుంది. పాత డీజిల్ పంపులోని గవర్నర్, ఇంజిన్ మితిమీరి తిరగబోతే డీజిల్ తగ్గిస్తుంది. దాని చేతిలో ఉన్నది డీజిలే, కొండ కాదు. వేగంగా దిగుతున్న బండిలో మొదటి గేరు దూర్చితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఆపే నాథుడుండడు. వాల్వులు పిస్టన్‌కు తగిలితే ఇంజిన్ షెడ్డుకే. ముందు బ్రేకుతో వేగం తగ్గించు, తర్వాత గేరు దించు. ఈ వరస మారకూడదు.

న్యూట్రల్లో దించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డీజిల్ మిగులుతుందని వాళ్ల లెక్క. గేరులో ఉండి కాలు తీసేస్తే ఇప్పటి ఇంజిన్ చుక్క డీజిల్ తీసుకోకుండా చక్రాల బలంతోనే తిరుగుతుంది. న్యూట్రల్లో పెడితేనే ఆరిపోకుండా ఉండటానికి తాగుతుంది. ఇంకొందరు ఏకంగా తాళం తిప్పేస్తారు. బ్రేకు తేలిగ్గా పడటానికి కావలసిన వాక్యూమ్‌ను డీజిల్ బండిలో ఇంజిన్ తిప్పే పంపు తయారు చేస్తుంది. న్యూట్రల్లో ఇంజిన్ ఆపితే పంపు ఆగుతుంది. నిలవున్న వాక్యూమ్ రెండు మూడు తొక్కులకు అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా మారుతుంది. మలుపు మాత్రం అక్కడే ఉంటుంది.

ఇన్నాళ్లూ నమ్మిన సూత్రాన్ని నేను ఒక్క చోట సవరిస్తాను. అరవై గుర్రాల జీపు సెకండులో తప్ప ఎక్కలేదు, కాబట్టి సెకండులో దిగడం సరిపోయింది. 2020లో వచ్చిన మహీంద్రా కొత్త థార్ డీజిల్‌కు 130 గుర్రాలు, ఆరు గేర్లు, 1600 చుట్లకే 300 న్యూటన్ మీటర్ల లాగుడు. అదే అప్పును అది థర్డ్‌లో నవ్వుతూ ఎక్కేస్తుంది. దిగేటప్పుడు దాని బలం మనకు అక్కరకు రాదు, దాని బరువు మాత్రం మన మీద పడుతుంది. పైగా ఇంజిన్ పరిమాణం పాత జీపు దానికంటే పెద్ద తేడా ఏమీ లేదు. కాబట్టి కొత్త బండిలో ఎక్కిన గేరుకు ఒక గేరు తక్కువలో దిగాలి. ఎక్కేటప్పుడూ ఒక జాగ్రత్త ఉంది. పాత ఇంజిన్ 1200 దగ్గర కూడా మూలుగుతూనే లాగేది. ఇలాంటి టర్బో బండి 1500 కిందకి జారితే ఒక్కసారి నీరుగారిపోతుంది. మలుపుకు ముందే గేరు దించాలన్న మామయ్య మాట దానికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

గేర్ రాడ్డు పక్కన ఉండే రెండో లివర్ గురించి ఒక్క ముక్క. అది నాలుగు చక్రాలకూ బలం పంపేది, బురదకు, ఇసుకకు. జీపులో, థార్‌లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య వేగం తేడా సర్దే అమరిక లేదు. పొడి తారు మీద దాన్ని వేసుకుని మలుపులు తిరిగితే ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికపడి, స్టీరింగ్ బిగుసుకుని, పళ్లు అరుగుతాయి. ఘాట్ ఎంత నిటారుగా ఉన్నా తారు రోడ్డయితే ఆ లివర్ ముట్టుకోవద్దు.

దిగడమే కష్టం అన్న మామయ్య మాటకు సాక్ష్యం తిరుమలలో ఉంది. అక్కడి ఘాట్‌లో వాహనాలకు దేవస్థానం కనీస ప్రయాణ సమయం నిర్ణయించినప్పుడు ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పెట్టింది. మొదటిసారి విన్నవాళ్లకు తలకిందులు లెక్కలా తోస్తుంది. పాత డ్రైవర్లకు వివరించనక్కర్లేదు.

మీరు ఈసారి అరకు నుంచి దిగుతున్నప్పుడు ఇరుకు మలుపులో కింద నుంచి జనంతో నిండిన జీపు ఒకటి సెకండులో మూలుగుతూ వస్తుంటే, మీరే పక్కకు తీసి ఆగండి. దాన్ని ఆపితే ఆ డ్రైవరు మళ్లీ మొదటి గేరు వేసి, క్లచ్ కాల్చుకుని కదలాలి. కొండ రోడ్డులో ఎక్కే బండికే ముందు దారి అని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రాసి ఉంది.