హంతకుడెవరో తెలిసిన హత్య
(నియంతృత్వ నేపథ్యంలో అపరాధ పరిశోధన నవల: ఒక పరిశీలన)

అపరాధ పరిశోధన నవల తన పాఠకుడికి ఒక హామీ ఇస్తుంది. కథ ముగిసేసరికి హంతకుడు దొరుకుతాడు. దొరికినవాణ్ణి చట్టం స్వాధీనం చేసుకుంటుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను చదువుతూ పెరిగిన తెలుగు పాఠకులకు ఈ హామీ ఎంత బలమైనదో చెప్పనక్కరలేదు. అయితే చట్టమే హంతకుని పక్షాన నిలిచిన కాలాన్ని కథావస్తువుగా తీసుకున్నప్పుడు ఈ హామీ ఏమవుతుంది? నియంతృత్వ నేపథ్యంలో వచ్చిన హత్యా పరిశోధన కథలను ఈ ప్రశ్నతోనే పరీక్షించవలసి ఉంటుంది.

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. శూద్రకుని ‘మృచ్ఛకటికం’లో పాలకుడనే రాజు నిరంకుశుడు. అతని బావమరిది శకారుడు వసంతసేన గొంతు నులిమి, ఆమె మరణించిందని భావించి, ఆ నేరాన్ని చారుదత్తునిపై మోపుతాడు. విచారణ క్రమం తప్పకుండానే సాగుతుంది. సాక్షులు వస్తారు, వాంగ్మూలాలు నమోదవుతాయి, విదూషకుని వద్ద నుంచి జారిపడిన నగలు సాక్ష్యమవుతాయి. న్యాయాధికారి దుర్మార్గుడు కాడు. నిందితుని సౌశీల్యం ఆయనకు తెలుసు. కాని తన ఫిర్యాదు వినకపోతే రాజుతో చెప్పి పదవి ఊడగొట్టిస్తానని శకారుడు ముందే బెదిరించి ఉన్నాడు. ఆ న్యాయాధికారి దేశబహిష్కారంతో సరిపెట్టాలని సూచిస్తే, రాజు మరణశిక్ష విధిస్తాడు. ప్రక్రియ సక్రమం, ఫలితం ఘోరం. ఇటువంటి కథలన్నింటికీ కేంద్రం హంతకుడు కాదు, విచారణాధికారి అన్న సత్యాన్ని ఈ ప్రాచీన ప్రకరణం స్పష్టం చేసింది.

ఆధునిక రచనల్లో జర్మన్ రచయిత హాన్స్ హెల్ముట్ కిర్స్ట్ 1962లో ప్రచురించిన ‘ది నైట్ ఆఫ్ ది జనరల్స్’ ముఖ్యమైనది. నాజీల ఆక్రమణలోని వార్సాలో 1942లో ఒక స్త్రీ హత్యకు గురవుతుంది. అనుమానం ముగ్గురు సేనాధిపతులపై పడుతుంది. నగరాలనే నేలమట్టం చేస్తున్న సైన్యంలో, ఒక్క హత్యకు బాధ్యుణ్ణి పట్టుకోవాలని గ్రావ్ అనే అధికారి పట్టుబడతాడు. ఈ వైరుధ్యమే రచనకు ప్రాణం. 1967లో వచ్చిన చలనచిత్రంలో హంతకుడైన జనరల్ టాంజ్ చేతిలోనే ఆ అధికారి హతుడవుతాడు. అయినా ఇక్కడొక లోపాన్ని గుర్తించక తప్పదు. టాంజ్‌ను మతి చలించినవానిగా చిత్రించడం వల్ల, అతణ్ణి అందలమెక్కించిన వ్యవస్థ నేరం మరుగున పడుతుంది. హతురాలు కథకు నెపంగానే మిగిలిపోతుంది.

2008లో టామ్ రాబ్ స్మిత్ రాసిన ‘చైల్డ్ 44’ మరొక మార్గం తొక్కింది. ఆదర్శ సమాజంలో హత్యలు జరగవని ప్రభుత్వం ప్రకటించినందున, 1953 నాటి సోవియట్ దేశంలో హత్యను హత్య అనడమే రాజద్రోహమవుతుంది. కల్పన శక్తిమంతమైనదే. కాని చరిత్ర విద్యార్థిగా ఈ వ్యాసకర్తకు ఒక అభ్యంతరం ఉంది. ఈ నవలకు మూలమైన చికటీలో హత్యలు జరిగింది 1978, 1990 సంవత్సరాల మధ్య. అతని తొలి నేరానికి క్రావ్‌చెంకో అనే నిర్దోషిని 1983లో ఉరికంబానికి కాదు, తుపాకీకి బలి ఇచ్చారు. అప్పటికి స్టాలిన్ మరణించి 30 ఏళ్లు. కథాకాలాన్ని వెనక్కు జరపడం వల్ల నవలకు ఉత్కంఠ పెరిగింది. నియంత పోయినా అతని కార్యాలయపు అలవాట్లు పోవన్న అసలు పాఠం మాత్రం జారిపోయింది.

ఈ నవలలను డిగ్లీపూర్‌లో కూర్చుని చదివేవారికి అవి పరదేశ కథలుగా తోచవు. 1942 మార్చి 23న జపాను సేనలు నేటి శ్రీవిజయపురంలో, అంటే నాటి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. ఆ తరువాత గూఢచర్యం ఆరోపణలు మొదలయ్యాయి. సమాచారం శత్రువుకు చేరుతున్నదంటే చేరవేసేవారు ఉండాలన్నది వారి తర్కం. ఆ తర్కం తప్పు కాదు. 1943 జనవరిలో మేజర్ మెకార్తీ నాయకత్వాన బ్రిటిష్ గూఢచార బృందం జలాంతర్గామిలో వచ్చి అండమాన్ అడవుల్లో నిజంగానే దిగింది. మెకార్తీ అంతకుముందు పోర్ట్ బ్లెయిర్ పోలీసు సూపరింటెండెంటు. అసలు గూఢచారులు అడవిలో ఉండగా, శిక్ష ఊరివారిపై పడింది. 1943లో కాల్పులకు బలైనవారిలో పోలీసు అధికారి నారాయణరావు కూడా ఉన్నారు. వైద్యుడు, పంజాబీ కవి, స్థానిక ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ నాయకుడు దివాన్ సింగ్ కాలేపానీ 1943 అక్టోబరులో నిర్బంధితుడై, చిత్రహింసల ఫలితంగా 1944 జనవరి 14న సెల్యులార్ జైలులో మరణించారు. ఆయన ఆ గోడల మధ్య ఉండగానే, డిసెంబరు 30న నేతాజీ అదే పట్టణంలో జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు.

ఇక్కడ హంతకుడెవరన్నది రహస్యం కాదు. అపరాధ పరిశోధన తలక్రిందులైంది: నవలలో నేరం ముందు, అనుమానితుడు తరువాత, ఇక్కడ అనుమానితుడు ముందు, నేరం తరువాత. హింసతో రాబట్టిన ఒక్కొక్క వాంగ్మూలం మరికొన్ని పేర్లను పుట్టించింది. ఈ ఇతివృత్తాన్ని చేపట్టే రచయిత హంతకుణ్ణి వెదకనక్కరలేదు. పేర్లు చెప్పినవాడు, వాటిని రాసుకున్నవాడు, దుబాసి, తాళంచెవి పట్టుకున్నవాడు – వీరి మనసులను వెదకాలి. వారిలో అధికులు రాక్షసులు కారు, భయపడినవారు.

డిగ్లీపూర్ ప్రాంతానికి తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులు వచ్చి స్థిరపడింది 1950 దశకంలో. కనుక ఇక్కడి అనేక కుటుంబాలకు ఆ మూడున్నరేళ్లు ఇంట్లో విన్న కథ కాదు, చదివి తెలుసుకోవలసిన చరిత్ర. ఆ పని సాహిత్యం చేయకపోతే హంఫ్రీగంజ్ ఒక సంఖ్యగా మిగులుతుంది. దస్త్రాలపై సంతకం చేసే వృత్తిలో ఉన్న మాబోటివారికి ఇటువంటి రచనల వల్ల మరొక ప్రయోజనం ఉంది. శకారుని ముందు కూర్చున్న ఆ న్యాయాధికారి స్థానంలో మనం ఉంటే ఏం రాసి ఉండేవారమన్న ప్రశ్నను అవి మన బల్లమీద ఉంచి వెళతాయి. దానికి జవాబు చివరి పుటలో దొరకదు.