వెనక సీటు సాక్ష్యం

మగవాళ్ళు నలుగురు చేరి పాత కార్ల మాట ఎత్తారంటే లోపల పులుసు చల్లారిపోవలసిందే. “అంబాసిడర్ రేకంటే రేకండీ! ఇప్పటి బండ్లు అప్పడాలు!” అని ఒకరంటే, “ఫియట్ సోకు దేనికొచ్చిందండీ?” అని ఇంకొకరు. నాకూ పాత కార్లంటే పిచ్చి ప్రేమే. కానీ ఈ పొగడ్తలన్నీ ముందు సీటు వాళ్ళవి. వెనక సీటు సాక్ష్యం ఎవరూ అడగరు. అందుకని అడక్కుండానే చెబుతున్నాను.

ఏ మాటకామాట చెప్పుకోవాలి. అంబాసిడర్ సంసారపక్షం బండి. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని తెచ్చి, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా తయారుచేశారు. పాత మోడళ్ళలో గేరు కడ్డీ నేల మీద కాకుండా స్టీరింగు పక్కన ఉండేది. అందుకే ముందు సీటు అడ్డేమీ లేకుండా బల్లలా పరుచుకుని ఉండేది. నాన్నగారి అంబాసిడర్‌లో విజయవాడ నుంచి తిరుపతికి బయల్దేరితే ముందు ముగ్గురు, వెనక అయిదుగురు, వాళ్ళ ఒళ్ళో మళ్ళీ ఇద్దరు!

ఆ వెనక సీట్లో అమ్మ. ఒళ్ళో తమ్ముడు, కాళ్ళ దగ్గర మరచెంబు, పక్కన పులిహోర డబ్బా, వాంతులొస్తాయేమోనని కొంగున నిమ్మకాయ. ఒంగోలు ఎప్పుడు దాటిందో, నెల్లూరు ఎప్పుడొచ్చిందో ఆవిడ చూసిందా అని నాకు అనుమానమే.

రేకు మందమని మురిసేవాళ్ళకి ఒక మాట. దేనికైనా గుద్దుకుంటే ముందుభాగం నలిగి, ఆ దెబ్బని తను పుచ్చుకుని లోపలివాళ్ళని కాపాడాలనే ఇప్పటి బండ్లని అలా కడతారు. ఆ రోజుల్లో మా తమ్ముణ్ణి పట్టి ఉంచింది రేకూ కాదు, బెల్టూ కాదు. అమ్మ చెయ్యి.

ఇంకో చోద్యం చూశారూ? మన ఫియట్‌కి 1970లలో ‘పద్మిని’ అని చక్కని ఆడపేరు పెట్టారు. 2023 అక్టోబరులో ముంబయిలో పద్మిని టాక్సీలు సెలవు తీసుకుంటే ఎందరో కళ్ళు తుడుచుకున్నారు. నాకూ బాధేసింది. అయితే నేను చూసిన పద్మినుల్లో ఒక్కదాని స్టీరింగు దగ్గరైనా ఆడది కూర్చుని ఉండగా చూడలేదు.

నేనూ డ్రైవింగు నేర్చుకుంటానని ఒకసారి నాన్నగారి దగ్గర గునిశాను. “ఈ స్టీరింగు నీ చేతుల్లో తిరగదే తల్లీ!” అన్నారు. తమ్ముడికి పద్దెనిమిది నిండగానే ఆయనే పక్కన కూర్చుని నేర్పారు. వాడి చేతులు నా చేతులకంటే సన్నం.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించారు. అంబాసిడర్ పెట్రోలు ఇంజను 1489 సి.సి. అయితే దీనిది 796. దీనికీ పవర్ స్టీరింగు లేదు గానీ, బండే తేలిక కాబట్టి చెప్పినట్టు వినేది. మా ఇంటికి మారుతి వచ్చాక, ముప్ఫై నాలుగో ఏట నేర్చుకున్నాను. అప్పట్నించీ నా తీర్పు ఒక్కటే: ఆడవాళ్ళని వెనక కూర్చోబెట్టింది అంబాసిడర్, ముందుకు తెచ్చింది మారుతి. ఈ రెండు బండ్ల తయారీ ఆగిపోయిందీ 2014లోనే. అయినా నా తీర్పు మారలేదు.

కిందటేడు మారింది. మా చిన్నాన్నగారబ్బాయి ప్రాణంలా దాచుకున్న పాత అంబాసిడర్ తాళాలు నా చేతికిచ్చి, “నడుపుతావా అక్కా?” అన్నాడు. మలుపు దగ్గర భుజం బలమంతా పెట్టాను. బరువే. కానీ తిరిగింది. అరవై దాటిన చేతుల్లో తిరిగింది, ఇరవై ఏళ్ళ చేతుల్లో తిరగకపోయేదా? పాపం, ఇన్నేళ్ళూ నిష్కారణంగా బండిని ఆడిపోసుకున్నాను.

అమ్మనీ ఎక్కించుకున్నాం. మా మారుతిలో కూడా అలవాటుకొద్దీ వెనకే కూర్చునే మనిషి. ఈసారి పట్టుపట్టి ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టాను. ఒళ్ళో పిల్లల్లేరు, డబ్బా లేదు. కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు ఆవిడకి. తర్వాత నెమ్మదిగా అంది:

“ఏమే, ఇక్కణ్ణించి రోడ్డు ఇంత బాగా కనబడుతుందా!”