జారని జడ

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం కంటే ముందు ఆమె జడ రంగం మీదికొస్తుంది. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. పాత్రధారి వెనక నుంచి తన బారెడు జడను తెర మీదుగా ఇవతలికి వేస్తాడు. ఆటలో, అభినయంలో తనను మించినవాళ్ళుంటే వచ్చి గెలవండని సభకు సవాలు అది. ఈ కలాపం రాసిన సిద్ధేంద్రయోగి నాటి సంప్రదాయంలో ఈ వేషం మగవాళ్ళదే. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామ కడితే ఆడవాళ్ళు కూడా ముక్కున వేలేసుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ జడ మోసే సరుకు తక్కువేం కాదు. తల మీద సూర్యుడు, చంద్రవంక, వెనక రాగిడి, కిందికి నాగరం, వరసగా జడబిళ్ళలు, చివర కుప్పెలు. ఇన్నీ పెట్టుకుని గంటల తరబడి గెంతాలి, తిరగాలి, అలగాలి. సవాలు విసిరిన జడే సభలో ఊడి పడితే ఇక సత్యభామ గర్వానికి అర్థమేముంది?

అది ఊడకపోవడంలో కిటుకు ఒక్కటే: బరువంతా ఒకచోట వేలాడనివ్వరు. సవరాన్ని కింద ఎక్కడో తగిలించి వదిలేయరు. మెడ దగ్గర జుట్టు మూడు పాయలు చేస్తూనే సవరం పాయలను అందులో కలిపి, మొదటి మలుపు నుంచే అల్లుకుంటూ పోతారు. బిళ్ళలను పైనుంచి కింది దాకా అక్కడక్కడా దారంతో జడకే కట్టేస్తారు. గిరికీ కొట్టినప్పుడు జడ వీపు మీద నుంచి ఎగరకుండా చాలామంది నర్తకులు దాన్ని వడ్డాణం కిందికి దూరుస్తారు. ఇంతా చేసి తల దగ్గర మాత్రం మరీ బిగించరు. బిగువంతా అల్లికలో ఉంటుంది, మాడు మీద కాదు.

మన ఇళ్ళలో అమ్మమ్మలు వేసిన జడల్లోనూ ఇదే పద్ధతి. ముందు చిక్కు తీయాలి, అదీ చివరల నుంచి పైకి. పైనుంచి దువ్వెన లాగితే చిక్కులన్నీ కిందికి దిగి ఒకచోట ముద్ద కడతాయి, వెంట్రుకలు తెగుతాయి. తడి జుట్టు ఆరిన జుట్టు కన్నా ఎక్కువ సాగుతుంది, త్వరగా తెగుతుంది. అందుకే తలంటుకున్నాక తొందరపడి బిగించి అల్లనిచ్చేవారు కాదు. చెరో పక్క నుంచి సన్నపాయ తీసి వెనక ముడేసి, మిగతాది ఆరనిచ్చేవారు. ఆరాక కాస్త నూనె చెయ్యి రాస్తే పొట్టి వెంట్రుకలు కూడా అణిగి పాయల్లో ఒదుగుతాయి. తలంటిన మర్నాడు జడ చక్కగా నిలుస్తుందని ఆడపిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

ముందు జుట్టు పొట్టిగా ఉన్న పిల్లలకు నడినెత్తిన మొదట ఒక చిన్న పిలక వేసి, దాని కొసను తీసుకొచ్చి పెద్ద జడ పాయల్లో కలుపుతారు. ఎంత పరుగెత్తినా కళ్ళ మీద జుట్టు పడదు. ఈ పిలకను చూసి నవ్వుకునే కాలేజీ అమ్మాయిలు పోనీటెయిల్ సాయంత్రం దాకా నిలవాలంటే చేయాల్సింది కూడా అదే. పై సగం జుట్టును ముందు విడిగా కట్టి, తర్వాత కింది సగాన్ని దానితో చేర్చి రెండో బ్యాండు వేస్తే, ఒక బ్యాండు మోయాల్సిన బరువును రెండు పంచుకుంటాయి.

ఇక రిబ్బను. దాన్ని అందానికి కట్టే పువ్వు అనుకుంటారు గాని జడకు తాళం అదే. తెలిసినవాళ్ళు రిబ్బనును చివర్లో చుట్టరు. జడ సగంలో ఉండగానే మడిచి పాయలతో పాటు వేసి అల్లుతారు. చివరికొచ్చేసరికి రిబ్బను జడలో భాగమైపోయి ఉంటుంది. అప్పుడు నాలుగు వేళ్ళంత జుట్టు వదిలి, రెండు చుట్లు తిప్పి ముడేస్తే ఎంత పట్టుకుచ్చు లాంటి నున్నని జుట్టయినా జారదు. బడిపిల్లల రెండు జడలను పైకి మడిచి చెవుల దగ్గర కట్టడంలోనూ ఇదే తెలివి. మడిచిన జడ పొడవు సగమవుతుంది, ఊగడమూ తగ్గుతుంది.

ఊగడం మాట వచ్చింది గనక ఒక ముచ్చట. పరుగెత్తే మనిషి తల పైకీ కిందికీ కదులుతుంటే, పోనీటెయిల్ మాత్రం పక్కలకు ఎందుకు ఊగుతుందని జోసెఫ్ కెల్లర్ అనే అమెరికా గణితవేత్త లెక్క కట్టాడు. తల ఆ వేగంతో ఎగిరి పడుతుంటే నిలువుగా వేలాడే జుట్టు నిలకడగా ఉండలేక పక్కకు తిరుగుతుందని తేల్చాడు. పోనీటెయిల్ ఆకారం మీద పనిచేసిన గోల్డ్‌స్టీన్, వారెన్, బాల్ అనే ముగ్గురితో కలిపి ఆయనకు 2012లో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. మన జడకుప్పెల మీద ఎవరూ లెక్క కట్టలేదేమోగాని, అడుగున బరువుంటే జడ మెలితిరగదని, భుజం మీదికి ఎగరదని వాటిని కట్టినవాళ్ళకు తెలుసు.

అన్నిటికన్నా కష్టమైన పని పూలజడ. మల్లెల కాలంలో, ఎండాకాలం సెలవుల్లో, ఇంట్లో ఆడపిల్లకు ఒక్కసారైనా పూలజడ వేసి ఫొటో స్టూడియోకు తీసుకెళ్ళేవారు. జడ కనబడాలని వెనక అద్దం పెట్టి తీసిన ఆ నలుపు తెలుపు ఫొటోలు ఎన్ని ఇళ్ళ గోడల మీద లేవు! పూలు విచ్చకముందే మొగ్గలు కోసి తేవాలి. అరటి పట్టను జడ వెడల్పుకు కోసి, దాని మీద మొగ్గలను సూదీదారంతో వరసలుగా కుట్టాలి. మధ్యమధ్య కనకాంబరాలు, మరువం. అరటి పట్టలోని తేమ మొగ్గలను వాడనివ్వదు. సాయంత్రానికి మొగ్గలు తల మీదే విచ్చుకుంటాయి. కుట్టిన పట్టను పైన ఒక్కచోట కట్టి వేలాడదీస్తే గంటలో పిల్ల తలనొప్పని ఏడుస్తుంది. పైనుంచి కింది దాకా జడకు చేర్చి కట్టాలి. ఇప్పుడు పెళ్ళిళ్ళలో పూలజడలు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి, పిన్నులతో గుచ్చేస్తున్నారు. చూడటానికి బాగానే ఉంటాయి. మూడు గంటల పెళ్ళి పీటల మీద ఆ పిన్నులు ఏం చేస్తాయో పెళ్ళికూతురినే అడగాలి.

ఈ పాత పద్ధతుల విలువ అందంలో కన్నా కుదుళ్ళను లాగకుండా జడను నిలపడంలోనే ఉందని నా అభిప్రాయం. రోజూ జుట్టును వెనక్కి బిగలాగి ఒకేచోట కట్టేస్తే కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. కుదుళ్ళు ఏళ్ళ తరబడి లాగబడితే తిరిగి మొలవడం కూడా కష్టమని చర్మవైద్యులు చెబుతారు. కాగితాలకు వేసే రబ్బరు బ్యాండయితే మరీ అన్యాయం, తీసినప్పుడల్లా పది వెంట్రుకలు దానితో వస్తాయి. గుడ్డ చుట్టిన బ్యాండు వాడాలి, కట్టే చోటు రోజూ మార్చాలి, రాత్రి పడుకునేటప్పుడు విప్పి వదులుగా అల్లుకోవాలి.

బడులకు ఒక విన్నపం. రెండు జడలు నియమంగా పెట్టండి, రిబ్బను రంగు కూడా మీరే చెప్పండి. కాని ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకూడదని పిల్లలను ప్రార్థనలో నిలబెట్టి మందలించకండి. ఆ మాటకు భయపడి తల్లులు పొద్దున్నే ఏడేళ్ళ పిల్లల నుదుటి జుట్టు బిగలాగి కడుతున్నారు.