సెలవుల చదువు – పండుగ సంచికలు నేర్పిన పాఠం

పండుగ వస్తున్నదంటే కొత్త బట్టలతో, పిండివంటలతో పాటు కొత్త అచ్చు వాసన కూడా ఇంట్లోకి రావాలని కోరుకునే ప్రాంతాలు భారతదేశంలో కొన్ని ఉన్నాయి. మహారాష్ట్రలో దీపావళికి, బెంగాల్‌లో దుర్గాపూజకు, కేరళలో ఓణానికి, తమిళనాట దీపావళికి ప్రత్యేక సంచికలు వెలువడడం తరాల నాటి ఆచారం. సెలవులు సమీపించగానే చదవదగిన కొత్త పుస్తకాల జాబితాలను పత్రికలు ప్రకటించడం కూడా ఆనవాయితీగా మారింది. అయితే ఈ జాబితాలలో చాలావాటి వెనుక ఒక అభిప్రాయం దాగి ఉంటుంది. సెలవుల్లో చదివే పుస్తకం తేలికగా ఉండాలి, ఆలోచన పెట్టకూడదు, ప్రయాణంలో మొదలుపెట్టి ప్రయాణంలోనే ముగించేటట్లు ఉండాలి అన్నదే ఆ అభిప్రాయం. ఇది ఎంతవరకు సమంజసం? భారతీయ భాషల పండుగ సంచికల చరిత్రను పరిశీలిస్తే దీనికి పూర్తిగా భిన్నమైన సమాధానం లభిస్తుంది.

మరాఠీలో తొలి దీపావళి సంచిక 1909లో వెలువడింది. కాశీనాథ్ రఘునాథ్ మిత్ర సంపాదకత్వంలోని 'మనోరంజన్' మాసపత్రిక ఆ గౌరవాన్ని దక్కించుకున్నది. పత్రిక పేరు వినోదాన్ని సూచించినా, అది నెలకొల్పిన సంప్రదాయం వినోదానికే పరిమితం కాలేదు. కథ, కవిత, వ్యాసం, చిత్రం ఒకేచోట చేరిన ఈ సంచికలు మరాఠీ కుటుంబాలలో పండుగ సామగ్రిలో భాగమయ్యాయి. నేటికీ ఏటా వందల సంఖ్యలో దీపావళి సంచికలు వెలువడుతున్నాయి. అన్నింటినీ కొనడం ఏ కుటుంబానికీ సాధ్యం కాదు కనుక, కొద్దిపాటి రుసుముతో వాటిని ఒకదాని తరువాత ఒకటిగా ఇంటికి తీసుకువెళ్లే వీలును అక్కడి గ్రంథాలయాలు కల్పిస్తాయి. పండుగ నాలుగు రోజులే అయినా, దాని పఠనం నెలల తరబడి సాగుతుంది. పాఠకుణ్ణి సృష్టించినది పత్రికే గాని, అతణ్ణి నిలబెట్టినది గ్రంథాలయం అన్న సంగతి ఇక్కడ గమనార్హం.

బెంగాల్ అనుభవం మరింత లోతైనది. 1940లో 'ఆనందబజార్ పత్రిక' శారదీయ సంచికలో రవీంద్రనాథ్ ఠాగూర్ రచించిన 'ల్యాబొరేటరీ' అనే పెద్దకథ వెలువడింది. అప్పటికి ఆయన వయస్సు 79 సంవత్సరాలు, ఆరోగ్యం క్షీణిస్తున్నది. మరణించిన భర్త నెలకొల్పిన విజ్ఞాన ప్రయోగశాలను కాపాడేందుకు లోకమర్యాదలన్నింటినీ పక్కకు నెట్టగల సోహిని అనే స్త్రీ ఈ కథకు కేంద్రం. ఆమె పాతివ్రత్యం భర్త దేహానికి కాక అతని జ్ఞానతృష్ణకు కట్టుబడినది. సంప్రదాయ కుటుంబాలు దేవీపూజకు సిద్ధమవుతున్న రోజుల్లో, ఆ కుటుంబాల చేతికే ఇటువంటి కథను అందించడానికి రచయిత గాని, సంపాదకుడు గాని వెనుకాడలేదు. పండుగనాటి పాఠకునికి తీరిక ఉన్నది. తీరిక ఉన్నవానికే కష్టమైన ప్రశ్న వేయవచ్చు. ఈ విశ్వాసమే శారదీయ సంచికలకు పునాది.

తరువాతి దశాబ్దాలలో 'దేశ్' పత్రిక ఈ విశ్వాసాన్ని నవలకు విస్తరింపజేసింది. సమరేశ్ బసు 'బిబర్' 1965లోను, సునీల్ గంగోపాధ్యాయ తొలి నవల 'ఆత్మప్రకాశ్' 1966లోను, శీర్షేందు ముఖోపాధ్యాయ తొలి నవల 'ఘుణపోకా' 1967లోను ఆ పత్రిక శారదీయ సంచికలలోనే మొదట అచ్చయ్యాయి. సత్యజిత్ రే సృష్టించిన ఫెలూదా నవలల్లో 'గాంగ్‌టోకే గండగోల్' 1970లో, 'సోనార్ కెల్లా' 1971లో ఇదే మార్గంలో పాఠకులను చేరాయి. రెండవదాన్ని ఆయనే 1974లో చలనచిత్రంగా మలిచారు. కొత్త రచయిత తొలి నవలకూ, పిల్లలూ పెద్దలూ కలిసి చదివే అపరాధ పరిశోధన కథకూ ఒకే పత్రిక ఆశ్రయం ఇవ్వడం విశేషం. సెలవుల సాహిత్యంలో బాల పాఠకునికీ, ప్రౌఢ పాఠకునికీ మధ్య గోడ అవసరం లేదని ఆ సంచికలు నిరూపించాయి.

రూపానికి సంబంధించిన మరొక అంశం కూడా ఇందులో ఇమిడి ఉన్నది. వారపత్రికలో ధారావాహికగా వచ్చే నవల ప్రతి వారమూ పాఠకుణ్ణి ఒక ఉత్కంఠ వద్ద వదిలివేయవలసి ఉంటుంది. పండుగ సంచికలోని నవల మొదటినుంచి చివరివరకు ఒకేసారి పాఠకుని చేతికి వస్తుంది. పుటల సంఖ్య పరిమితం కనుక విస్తారమైన వర్ణనలకు చోటుండదు. ఉత్కంఠను కృత్రిమంగా సాగదీయవలసిన అవసరమూ ఉండదు. మహాశ్వేతాదేవి 'హజార్ చురాశీర్ మా' ఈ పరిమితిని శక్తిగా మార్చుకున్న రచన. 1973లో 'ప్రసాద్' పత్రిక శారదీయ సంచికలో వచ్చి, 1974లో పుస్తకరూపం దాల్చిన ఈ నవల ఒకే ఒక్క రోజులో జరుగుతుంది. నక్సల్బరీ ఉద్యమకాలంలో హతుడైన కుమారుడు శవాగారంలో 1084వ సంఖ్యగా మిగిలిపోగా, రెండేళ్ల తరువాత అదే తేదీన ఆ కుమారుణ్ణి తల్లి సుజాత కొత్తగా తెలుసుకుంటుంది. ఉదయం నుంచి రాత్రి వరకు సాగే ఆ కథనం ఒకే కూర్చోవడంలో చదివేటట్లు బిగువుగా నిర్మితమైనది. 'ఒక తల్లి' పేరుతో ఇది తెలుగు పాఠకులకూ అందింది. పూజాసంచికలో ఒక బెంగాలీ తల్లి ఈ కథను చదివి ఉంటే, ఆమె చేతిలోని సంచిక ఎంత బరువెక్కి ఉంటుందో ఊహించవచ్చు.

ఈ స్వేచ్ఛకు రచయితలు మూల్యం చెల్లించిన సందర్భం కూడా ఉన్నది. 1967 నాటి శారదీయ 'దేశ్'లో సమరేశ్ బసు 'ప్రజాపతి' అనే నవల ప్రచురించారు. బెంగాలీలో ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థం. నవల అశ్లీలమని ఒక న్యాయవాది 1968లో కోర్టుకెక్కారు. కింది కోర్టు రచయితనూ, ప్రచురణకర్తనూ దోషులుగా నిర్ణయించింది. హైకోర్టు ఆ తీర్పును సమర్థించింది. చివరకు 1985లో సుప్రీంకోర్టు వారిని నిర్దోషులుగా ప్రకటిస్తూ, మోటుదనం వేరు, అశ్లీలత వేరు అన్న విచక్షణను స్పష్టంగా చూపింది. ఒక పండుగ సంచికలోని నవల కారణంగా సాహిత్య స్వేచ్ఛకు సంబంధించిన ప్రధాన తీర్పు వెలువడడానికి 17 సంవత్సరాలు పట్టింది. సెలవుల చదువు కేవలం కాలక్షేపమే అయి ఉంటే, దానికోసం ఇంతటి పోరాటం అవసరమయ్యేది కాదు.

అయితే ఈ సంప్రదాయాన్ని కేవలం కీర్తించడం విమర్శకు తగదు. గడువు అనేది పండుగ సంచికకు ప్రాణమూ, శాపమూ కూడా. ఒకే ఋతువులో పలు పత్రికలకు పలు నవలలు రాయవలసి వచ్చిన ప్రసిద్ధ రచయితల చేతుల్లో పాత్రలు పలుచబడిన సందర్భాలు బెంగాలీ విమర్శకు కొత్త కాదు. ముగింపుకు చేరేసరికి పుటలు చాలక కథ తొందరపడడం అటువంటి నవలలలో తరచుగా కనిపించే లోపం. పోటీ పెరిగినకొద్దీ శారదీయ సంచికలు శరత్తుకు బదులు వర్షాకాలంలోనే అంగళ్లకు చేరుతున్నాయి. మరాఠీలో సైతం కొన్ని సంచికలలో ప్రకటనల నడుమ రచనను వెదుక్కోవలసిన స్థితి లేకపోలేదు. పండుగ పేరుతో వచ్చినదంతా పఠనీయం కాదు. ఏరుకోవడం పాఠకుని బాధ్యత, ఏరి చూపడం సమీక్షకుని బాధ్యత.

ఈ నేపథ్యంలో తెలుగునాట పరిస్థితిని పరిశీలించడం అవసరం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో స్థాపించిన 'ఆంధ్రపత్రిక' వెలువరించిన ఉగాది సంచికలు తెలుగులో ఈ సంప్రదాయానికి ఘనమైన ఆరంభం. చరిత్ర, భాష, కళలపై పండితుల వ్యాసాలకు అవి నిలయాలు. తరువాతి కాలంలో 'యువ', 'జ్యోతి' వంటి పత్రికల దీపావళి సంచికలు కథకులకు విశాలమైన వేదికను, పాఠకులకు కన్నులపండుగను కల్పించాయి. ప్రతిభలో గాని, చిత్రకళలో గాని ఇవి ఇతర భాషల సంచికలకు తీసిపోవు. లోపం మరొకచోట ఉన్నది. బెంగాలీలో శారదీయ నవల కొద్దికాలంలోనే పుస్తకమై గ్రంథాలయానికి చేరుతుంది. తెలుగులో పండుగ సంచిక కథ చాలా తరచుగా ఆ సంచికతోనే మరుగునపడింది. ధారావాహిక నవలల ఊపులో వారపత్రికలు పాఠకుణ్ణి వారంవారం ఎదురుచూడడానికి అలవాటు చేశాయి. ఒకసారి చదివినదాన్ని దాచుకోవడానికి అలవాటు చేయలేదు. 1991లో 'ఆంధ్రపత్రిక', దాని సోదర పత్రిక 'భారతి' మూతపడిన తరువాత ఆ లోటు ఎంతటిదో స్పష్టమైంది.

ఆ లోటును పూడ్చే కృషి ప్రభుత్వేతర రంగంలోనే మొదలైంది. 1990 నాటి కథలతో ఆరంభించి, ఆ యేటి పత్రికలలో వచ్చిన మేలైన కథలను ఎంచి కథాసాహితి వెలువరిస్తూ వచ్చిన 'కథ' వార్షిక సంకలనాలు ఒక తరం పాఠకులకు దిక్సూచిగా నిలిచాయి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం మరొక అడుగు ముందుకు వేసింది. చిత్తుకాగితాల దుకాణానికి చేరవలసిన పాత సంచికలలోని కథలను వెదికి, సేకరించి, భద్రపరచడాన్నే ఆ సంస్థ తన ధ్యేయంగా పెట్టుకున్నది. ఒకటి ఏటేటా ఎంపిక చేస్తుంది, మరొకటి ఎంపిక కానిదాన్ని సైతం కాపాడుతుంది. ఈ రెండు పనులూ కలిస్తేనే పండుగ సాహిత్యానికి జ్ఞాపకశక్తి ఏర్పడుతుంది.

కనుక రానున్న సెలవులకు పఠనీయ గ్రంథాలను సూచించేటప్పుడు కొత్తదనం ఒక్కటే కొలమానం కారాదు. డిసెంబరులో హైదరాబాదు, జనవరి తొలినాళ్లలో విజయవాడ పుస్తక ప్రదర్శనలకు వెళ్లే పాఠకుడు ఆ యేటి కొత్త పుస్తకం ఒకటి, ఏదైనా ఒక 'కథ' సంకలనం ఒకటి, మరొక భారతీయ భాషనుంచి అనువాదమైన గ్రంథం ఒకటి కలిపి కొనుక్కోగలిగితే సంక్రాంతి సెలవులు సార్థకమవుతాయి. మూడవదాన్ని ఎంచుకునేవారికి 'ఒక తల్లి' తగిన ఆరంభం. పిల్లలున్న ఇంట్లో ఫెలూదా కథ ఏ భాషలో లభించినా పెద్దలు బిగ్గరగా చదివి వినిపించదగినది. పనిదినాలలో వాయిదా పడిన కష్టమైన పుస్తకానికి సెలవే సరైన సమయం.

గ్రంథాలయాల నిర్వాహకులకు కూడా ఇందులో కర్తవ్యం ఉన్నది. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టాన్ని 1956లో సవరించి పత్రికలను సైతం దాని పరిధిలోకి తెచ్చారు. దేశంలోని నాలుగు ప్రధాన గ్రంథాలయాలకు ప్రతులు చేరాలన్నది ఆ చట్టం ఉద్దేశం. కాని ఒక ప్రతి కలకత్తాలో భద్రంగా ఉండడం వేరు, జిల్లా కేంద్రంలోని పాఠకునికి అది అందడం వేరు. పండుగ సంచికను పాత పత్రికల కట్టలో కలిపివేయక, పుస్తకంతో సమానంగా నమోదు చేసి అరలో నిలపడానికి పెద్ద వ్యయం అవసరం లేదు. అది పుస్తకమేనన్న గుర్తింపు చాలు.

దీపం కొండెక్కిన తరువాత ప్రమిద మిగులుతుంది. పండుగ ముగిసిన తరువాత ఇంట్లో మిగలగలిగిన రచనే నిజమైన పండుగ రచన. మరాఠీ, బెంగాలీ పాఠకులు ఒక శతాబ్ది కాలంగా ఆచరణలో చూపుతున్న ఈ సత్యాన్ని తెలుగు పాఠకలోకం కూడా గ్రహించి ఆదరించవలసి ఉన్నది.