చండామార్కుల కష్టాలు

మొన్న చలికాలంలో మా అక్క కొడుకు స్కూల్ యానివర్సరీకి కాజీపేట వెళ్లాను. మూడో తరగతి పిల్లల ‘ప్రహ్లాద’, పదిహేను నిమిషాల నాటిక. మావాడిది ఏనుగు వెనక కాళ్ల వేషం. నేను మాత్రం సగంసేపు తెర పక్కన నిలబడ్డ టీచర్‌నే చూశాను. నోట్లో పిన్నీసులు, చేతిలో ఫోను. థర్మాకోల్ స్తంభం వెనక నరసింహస్వామి మాస్కులో ఉక్కపోసి ఏడుస్తున్నాడు. హిరణ్యకశిపుడి మీసం ఒకవైపు ఊడింది. ముందు వరసలో కరస్పాండెంటు గారు, ఆ వెనక ఫోన్లు పైకెత్తిన తల్లిదండ్రులు.

నాటికలో పెద్ద లోపం చండామార్కులు. పిలకలు పెట్టి, ఒకరిమీద ఒకరు పడే జోకర్లను చేశారు. స్కూల్ నాటికల్లో ఇది మామూలే. కానీ పోతన భాగవతం సప్తమ స్కంధం తీసి చూడండి (ఆయన ఊరు బమ్మెర మాకు దూరమేం కాదు, పాలకుర్తి పక్కనే). అక్కడ జరిగేది నిజానికి పేరెంట్స్ మీటింగ్. రాజుగారు కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని ఏం చదువుకున్నావని అడుగుతాడు. వాడు సిలబస్‌లో లేని జవాబు చెప్తాడు. మళ్లీ బడికి పంపుతారు, రెండోసారీ అంతే. తండ్రి కోపం పంతుళ్ల మీదికి మళ్లుతుంది. ఇది మేం నేర్పింది కాదు, ఇంకెవరూ నేర్పిందీ కాదు మహాప్రభో అని వాళ్లు మొత్తుకోవాల్సొస్తుంది. ప్రహ్లాదుడు ఏనుగులకీ భయపడడు, పాములకీ భయపడడు. ఆ కథలో భయమంతా టీచర్లదే. కాజీపేట టీచర్ సరిగ్గా వాళ్ల స్థానంలోనే నిలబడి ఉంది, నాటికలో మాత్రం వాళ్లని చూసి జనాన్ని నవ్వించింది.

ఈ భయానికి మన స్కూళ్లు కనిపెట్టిన మందు ట్రాక్. డైలాగులు ముందే రికార్డు చేసి పెడతారు, పిల్లలు పెదాలు కదుపుతారు. ‘నువ్వు నోరు కదుపు బిడ్డా, మాట అదే వస్తది’ అని ఆవిడ చెప్పడం విన్నాను. క్లయింటు ముందు డెమో ఆగిపోతుందేమోనని మేం వీడియో తీసి చూపిస్తాం, అదే తెలివి. డెమోకి సరే. ఇది నేర్పిన మాట కాకుండా తన మాట చెప్పిన పిల్లాడి కథ కదా! వాడి గొంతే తీసేస్తే మిగిలేది పట్టుపంచె, పూసల దండలు.

తొలి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, సురభి వాళ్ల నాటకం నుంచే వచ్చింది. సురభి కుటుంబాల్లో పిల్లలు నాటకం చూస్తూ, తెర వెనకే నిద్రపోతూ పెరిగి వేషం కడతారు. వీళ్లకి దొరికింది మూడు వారాల పీటీ పీరియడ్లు. పోలిక అన్యాయమే. అయినా పిల్లాడి చేత నాలుగు వాక్యాలు చెప్పించడానికి మూడు వారాలు చాలు.

మధ్యలో టీచర్ ఫోన్‌కి కాల్ వచ్చి ట్రాక్ ఆగిపోయింది. జంక్షన్ వైపు నుంచి గూడ్సుబండి కూత తప్ప ఏమీ వినపడలేదు. ప్రహ్లాదుడు అటూ ఇటూ చూసి, ‘ఇందులో కూడా ఉన్నడు నాన్నా’ అన్నాడు. సన్నటి గొంతు, మహా అయితే మూడో వరస దాకా వినపడి ఉంటుంది. వాడికి డైలాగ్ వచ్చని టీచర్‌కీ అప్పుడే తెలిసినట్టుంది, ఒక్క క్షణం చేతిలో ఫోను సంగతి మర్చిపోయింది. తర్వాత ట్రాక్ మళ్లీ మొదలైంది. అదే డైలాగ్ ఇంకోసారి, స్పీకర్లలో పెద్దగా వచ్చింది. వాడు బుద్ధిగా నోరు కదిపాడు.