పక్కకు లాగే కారు, పట్టుకునే చెయ్యి

అలైన్‌మెంట్ చేయించారు. కాగితం చేతికిచ్చారు. అందులో గళ్లన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. హైవే ఎక్కి స్టీరింగ్ మీద పట్టు కాస్త సడలించగానే కారు మాత్రం ఎడమ పక్కకే పోతోంది. మళ్లీ వెళ్లి అడిగితే "మెషీన్ ఓకే అంటోంది సార్" అన్న జవాబు. చాలామంది ఆ మాట విని, చెయ్యి నొప్పెట్టేలా స్టీరింగ్ బిగించి పట్టుకుని, టైర్లు అరిగేదాకా అలాగే తిప్పుతారు. విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రి గారి షెడ్డులో అసలు పని మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఆయన్ని పొగడటం మొదలుపెడితే నన్ను ఆపడం కష్టమని మా ఇంట్లో అందరికీ తెలుసు. పేరు రాయొద్దన్నారు కాబట్టి మేస్త్రి గారనే అంటాను. ఆయన గురువు లారీల ఇరుసులు సరిచేసిన మనిషి. మెషీన్లు లేని రోజుల్లో జాకీ మీద చక్రం లేపి, తిప్పుతూ, టైరుకి సుద్ద పూసి, మేకు కొనతో చుట్టూ సన్నగా గీత గీసేవాడు. రెండో చక్రానికీ అంతే. బండి దించి, కాస్త ముందుకి దొర్లించి, ఇరుసు ఎత్తులో ముందువైపు గీతల మధ్య దూరం, వెనకవైపు దూరం టేపుతో కొలిస్తే ఆ తేడాయే టో. టేపు పట్టకముందే ఎన్ని మిల్లీమీటర్లో చెప్పేవాడట. నేను చూడలేదు కానీ నమ్ముతాను, ఎందుకంటే శిష్యుణ్ని చూశాను.

చరిత్ర ఎక్కువ చెప్పను. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ కోణంలో మళ్లాలన్న ఆలోచన గుర్రపు బగ్గీల కాలం నాటిది. లాంకెన్స్‌పెర్గర్ అనే జర్మన్ కనిపెడితే 1818లో లండన్‌లో ఆకర్‌మన్ పేటెంట్ తీసుకున్నాడు, పేరు కూడా ఆకర్‌మన్‌కే మిగిలింది. స్ప్రింగునీ షాకునీ ఒకే కంబంగా కలిపిన ఎర్ల్ మెక్‌ఫర్సన్ స్ట్రట్ 1950 దరిదాపుల్లో ఫోర్డ్ కార్లలోకి వచ్చింది. మనకి 1983లో మారుతి 800తో ఇంటింటికీ పరిచయమైంది. అది చవక, తేలిక, స్థలం కలిసొస్తుంది. కానీ మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో ఒక్కటే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత వచ్చే గొడవంతా దీని చుట్టూనే.

కారు షెడ్డులోకి రాగానే మేస్త్రి గారు మెషీన్ దగ్గరికి పోరు. డ్రైవరు పక్కన నిలబడి అడుగుతారు. "ఎటు లాగుతోందండీ? ఊరికే పోతున్నప్పుడా, బ్రేకు కొట్టినప్పుడా, ఎక్సలేటర్ తొక్కినప్పుడా? ఎప్పట్నించి? ఈ మధ్య టైర్లు మార్చారా? గుంతలో పడిందా?" బ్రేకు కొట్టినప్పుడే లాగితే ఆయన చూపు కాలిపర్ మీదికి, అరిగిన లోయర్ ఆర్మ్ బుష్ మీదికి పోతుంది. తొక్కినప్పుడే లాగితే యాక్సిల్ షాఫ్టులు, ఇంజిన్ మౌంటింగులు. ఎప్పుడూ ఒకవైపే లాగితే అప్పుడు టైర్లు, కోణాలు. సగం రోగం ఈ ప్రశ్నల్లోనే బయటపడుతుంది. వీటికి కరెంటు ఖర్చు కూడా లేదు.

తర్వాత గాలి. నాలుగు చక్రాలూ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. తక్కువ గాలి ఉన్న వైపుకే బండి లాగుతుందన్నది పిల్లాడికి కూడా తెలిసిన విషయం. అయినా గాలి చూడకుండానే ర్యాంపు ఎక్కించే షాపులు నేను చూశాను.

ఆ తర్వాత రోడ్డు. మన రోడ్లకి వాన నీళ్లు పోవడానికి మీటరుకి సుమారు రెండు సెంటీమీటర్ల వాలు పెడతారు. ఎడమ పక్కన నడిపే మనకి ఆ వాలు ఎడమకే, కాబట్టి ఏ కారైనా చెయ్యి తీస్తే నెమ్మదిగా ఎడమకి జారుతుంది. అది రోగం కాదు. వాలు లేని చదునైన చోట, ఖాళీ రోడ్డు మీద, చేతులు స్టీరింగ్‌కి ఆనీఆనకుండా పెట్టి చూడాలి. డివైడర్ ఉన్న హైవే మీద పరీక్షిస్తే మోసపోతారు. అక్కడ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కూడా వాలు సాధారణంగా ఎడమకే. మేస్త్రి గారికి ఊరి చివర డివైడర్ లేని, చదునైన ఒక రోడ్డు ముక్క ఉంది. ఎక్కడో చెప్పను, చెబితే రేపట్నించి అక్కడ ట్రాఫిక్కే.

అక్కణ్నించి వచ్చి దిగగానే ఆయన చేసే పని చూడాలి. ముందు రెండు చక్రాల డిస్కుల దగ్గరా వరుసగా అరచెయ్యి ఆనించీ ఆనించకుండా పెడతారు. ముందు కుడి, ముందు ఎడమ, మళ్లీ ముందు కుడి. ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే కాలిపర్ పిన్ను పట్టేసిందనో, బ్రేకు హోసు లోపల ఉబ్బి నూనె వెనక్కి పోవడం లేదనో అర్థం. షెడ్డులో పనిచేసే కుర్రాడు ఒకసారి థర్మామీటరు గన్ను తెచ్చి చూపిస్తే ఆ అంకెలు ఆయన చెప్పిన మాటకి సాక్ష్యంగానే నిలిచాయి. తర్వాత టైరు మీద చెయ్యి అడ్డంగా నిమురుతారు. బయటి నుంచి లోపలికి నున్నగా, లోపలి నుంచి బయటికి రంపం పళ్లలా తగిలితే టో తప్పింది. ఒక్క అంచే అరిగితే మొదట కాంబర్‌ని, అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడాన్ని, అనుమానించాలి.

ఇంకా తేలకపోతే ముందు టైర్లు రెంటినీ అటు ఇటు మారుస్తారు. లాగుడు రెండో వైపుకి మారిందా, తప్పు టైరుదే. రేడియల్ టైరు లోపల ఉక్కు బెల్టు ఒక పక్కకి జరిగి ఉంటే అది దొర్లుతూ ఒకవైపుకే పోతుంది. కొత్త టైరులో కూడా ఈ లోపం ఉండొచ్చు, ఏ అలైన్‌మెంట్ మెషీనూ దీన్ని పట్టుకోలేదు. ఒకే దిశలో తిరగాల్సిన బాణం గుర్తు టైర్లయితే ఇలా మార్చకూడదు, అప్పుడు ముందువి వెనక్కి వేసి చూస్తారు. ఈ పరీక్షకి రెండు చక్రాల బోల్టుల పని, ఒక చక్కరు. ఇది చెయ్యకుండా కోణాలు తిప్పడం మొదలుపెట్టినవాణ్ని మేస్త్రి అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు కోణాలు. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, చెయ్యి వదిలినా సైకిల్ సూటిగా పోవడంలో దాని మహిమ కూడా ఉంది. కారులో దాన్నే కాస్టర్ అంటారు. రెండు వైపులా ఆ వాలు సమానంగా లేకపోతే, తక్కువ ఉన్న వైపుకి కారు లాగుతుంది. కాంబర్‌లో ఇంకో తీరు. ఏ చక్రం పైభాగం ఎక్కువ బయటికి వాలితే ఆ వైపుకి. ఎడమ కుడి తేడా అర డిగ్రీ దాటిందంటే, అంటే మెషీన్ భాషలో ముప్పై నిమిషాలు, మేస్త్రి గారు కనుబొమ్మ ఎగరేస్తారు. ముందు చక్రాల టో మాత్రం ఒంటరిగా బండిని ఒక పక్కకి లాగదు. టైర్లు తింటుంది, స్టీరింగ్‌ని వంకరగా పెడుతుంది, అంతే. వెనక చక్రాల టో తప్పితే బండి ఏటవాలుగా నడుస్తుంది, అది వేరే కథ. లాగుడుకి మందు అని టై రాడ్లు తిప్పి తిప్పి దారాలు అరగదీసేవాళ్లకి ఈ ముక్క ఎవరు చెప్తారు?

కాస్టర్ కొలవాలంటే చక్రాలు టర్న్ ప్లేట్ల మీద అటూ ఇటూ తిప్పాలి. రెండు నిమిషాల పని. వేళకి బండ్లు దించాలని ఆ పని వదిలేసే షాపులెన్నో! లాగుడుకి అసలు సమాధానం ఉన్న గడి ఖాళీగా ఉంటుంది, మిగతావి పచ్చగా మెరుస్తాయి.

ఒక కారు గురించి చెప్పాలి. కుడి మలుపు తిరిగి వస్తే కుడికి, ఎడమ మలుపు తిరిగి వస్తే ఎడమకి లాగేది. నాలుగు షాపులు తిరిగింది, నాలుగుసార్లు అలైన్‌మెంట్ డబ్బులు కట్టింది. మేస్త్రి గారు కుర్రాణ్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, "ఒరే, మెల్లగా తిప్పు" అని తాను ముందు స్ప్రింగు మీద వేళ్లు పెట్టారు. స్ప్రింగు చక్రంతో సాఫీగా తిరగడం లేదు. కాసేపు బిగిసి, ఒక్కసారిగా టంగుమని ఎగిరింది. స్ట్రట్ పైన ఉండే మౌంటింగ్ బేరింగు పట్టేసింది. కొత్తది వేశారు, అలైన్‌మెంట్ ముట్టుకోనేలేదు, బండి సూటిగా పోయింది. ఇంకోసారి కాగితంలో ఒకవైపు కాంబర్ ప్లస్, రెండోవైపు దాదాపు అంతే మైనస్ చూసి, "స్ట్రట్లు కాదు, కింద సబ్‌ఫ్రేమే పక్కకి జరిగింది" అన్నారు. బోల్టులు వదులు చేసి, గడ్డపారతో కాస్త జరిపి బిగిస్తే రెండు అంకెలూ ఒకేసారి దారికొచ్చాయి. పాత పవర్ స్టీరింగ్ కార్లకి ఆయన దగ్గర ఇంకో పరీక్ష ఉంది. ముందు చక్రాలు గాల్లోకి లేపి ఇంజిన్ స్టార్ట్ చేస్తారు. స్టీరింగ్ తనంతట తానే తిరిగితే వాల్వు పాడైంది.

ఎలక్ట్రిక్ స్టీరింగ్ దగ్గర మాత్రం ఆయన స్కానర్ కుర్రాణ్ని పిలుస్తారు. అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌కి సున్నా ఎక్కడో మళ్లీ చెప్పకపోతే కొన్ని కార్లలో మోటారే పక్కకి నెడుతుంది. కంప్యూటర్ అంటే ఆయనకి చిన్నచూపు లేదు. కంప్యూటర్ చాటున దాక్కునేవాళ్లంటేనే.

నాకూ వాళ్లంటేనే ఒళ్లు మంట. నాలుగు టైర్లు కొంటే అలైన్‌మెంట్ ఫ్రీ అని బోర్డు. ఫ్రీ పనికి రోడ్డు టెస్టు ఎవడు చేస్తాడు? చక్రాలకి తగిలించే క్లాంపులు వంగిపోయి ఉంటాయి, చక్రం ఊగుడు, అదే రనౌట్, చూడరు. అన్నిటికంటే ఘోరం కాంబర్ బెండింగ్. కాంబర్‌కి సర్దుబాటే లేని కారులో, స్ట్రట్‌కి హైడ్రాలిక్ జాకీ తగిలించి, అంకె పచ్చబడేదాకా బలవంతంగా వంచుతారు. అరిగిన బుష్ అలాగే ఉంటుంది, చక్రాన్ని మోసే నకిల్ వంగి ఉంటే అదీ అలాగే ఉంటుంది, బాగున్న స్ట్రట్ వంగుతుంది. ఆ వంకర మీద రాడ్డు రాపిడికి సీలు పోయి ఆయిలు కారితే, "షాకులు పోయాయి సార్" అని వాటికీ వాళ్లే బిల్లు వేస్తారు. దీన్ని పని అనకండి. ఆటోనగర్‌లోనూ ఈ పాపం చేసేవాళ్లున్నారు, మనవాళ్లని వెనకేసుకు రాను. కానీ ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి చేసినంత మాత్రాన అది పుణ్యం అయిపోదు.

మేస్త్రి గారి షెడ్డులో ఒకప్పుడు పని నేర్చుకునే పిల్లలు వరసగా ఉండేవారు, ఇప్పుడు ఇద్దరే. ఐటీఐలో మోటారు మెకానిక్ చదివి వచ్చిన కుర్రాడికి మెషీన్ నొక్కడం వచ్చు, స్ప్రింగు మీద వేలు పెట్టడం ఇక్కడే నేర్చుకున్నాడు. ఐటీఐ వాళ్లు ఒక పాత కారు తెచ్చి, కాలిపర్ ఒకటి బిగదీసి, గాలి ఒకదాంట్లో తగ్గించి, బెల్టు జరిగిన టైరు ఒకటి వేసి, "ఎందుకు లాగుతోందో చెప్పండి" అని పిల్లల్ని వదిలితే ఎంత బాగుంటుంది! టైరు షాపుల యజమానులకీ ఒక విన్నపం. ఫ్రీ బోర్డు తీసెయ్యండి. చెయ్యక ముందు అంకెలు, చేశాక అంకెలు, కాస్టర్‌తో సహా ఇవ్వండి. బిల్లులో రోడ్డు టెస్టు అని విడిగా ఒక గీత పెట్టి దానికి డబ్బు అడగండి. మీ మనిషి మా పక్కన కూర్చుని వస్తానంటే మేం ఇస్తాం.